రాయి చేతిలో ఉండగానే

పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు నా బోర్డు మీదే వచ్చింది. ట్రంకు ఎక్స్‌ఛేంజీలో పగటి డ్యూటీలో ఉన్నాను. చెవులకు హెడ్‌ఫోను, రెండు చేతుల్లో తీగలు, ఎదురుగా వెలిగి ఆరే చిన్న చిన్న దీపాలు. బందరుకు అర్జెంటు కాల్ కావాలని ఒక ఆడగొంతు నంబరు చెప్పింది. ఆ గొంతు నాకు తెలుసు, ఉప్పుగూడలో పెద్దమ్మ అద్దెకుండే ఇంటి యజమానురాలిది. ఆవిడకు మాత్రం నా గొంతు గుర్తు తెలియలేదు. నంబరు రాసుకుని లైను కలిపాను. కలిపాక మేం మాటలు వినకూడదు. అవతల ఫోను ఎత్తారో లేదో చూసుకోవడానికి ఒక్క క్షణం ఉంటాం, అంతే. ఆ క్షణంలోనే వినబడింది: "మీ అక్క పొద్దుగాల పాణం ఇడిసిందమ్మా."

మీట కిందికి తోశాను. పక్క దీపం వెలిగింది, దానికి జవాబు చెప్పాను. దాని పక్కది వెలిగితే దానికీ చెప్పాను. తీగలన్నీ పీకేసి పరుగెత్తాలని కాళ్లు లాగుతూనే ఉన్నాయి. చెయ్యెత్తి సూపర్‌వైజరును పిలిచి, నా కుర్చీలోకి ఇంకొకరు వచ్చి కూర్చున్నాకే లేచాను. ఈ మాత్రం ఆగడం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. నేర్పిన మనిషి పోయింది కాబట్టి నాలుగు మాటలు రాయాలనిపించింది.

మీలో చాలామందికి ఆవిడ తెలిసే అవకాశం లేదు. మూసీ అవతల ఒక పెద్దాసుపత్రిలో, మెట్ల కింద చిన్న గదిలో, తలకు తీగలు అంటించి మెదడు గీతలను కాగితం మీదికి తీసే పని చేసేది. డాక్టరు కాదు, నర్సూ కాదు. అయినా మా గల్లీలో ఎవరికి జ్వరమొచ్చినా ఆవిడ తలుపే తట్టేవాళ్లు. "నాకు తెలిసింది తల ఒక్కటే, అదీ పైపైన" అని విసుక్కుంటూనే చెయ్యి పట్టుకుని చూసేది. ఉద్యోగం కోసం బందరు నుంచి వచ్చి, ఉప్పుగూడ స్టేషను వెనక మా ఎదురింట్లో ఒక గది తీసుకుంది. మొగుడు పోయాడని కొందరు, వదిలేశాడని కొందరు అనుకునేవాళ్లు. నేను ఒకసారి మొహం మీదే అడిగేశాను. "రెండూ కాదు, నేనే వచ్చేశాను" అంది, పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో చూస్తూ.

మా పరిచయం రాయితో మొదలైంది. ప్రత్యేక రాష్ట్రం కావాలని గొడవలు జరిగి బడులు మూసేసిన ఏడాది. నాకు ఎనిమిదేళ్లు. పెద్దవాళ్లను చూసి మా గల్లీ పిల్లలం ఏడెనిమిది మందిమి ఆవిడ కిటికీ ముందు నిలబడి బందరుకు పొమ్మని అరుస్తున్నాం. అందరి చేతుల్లోనూ రైలు పట్టాల దగ్గర ఏరుకొచ్చిన కంకర రాళ్లున్నాయి. నిజానికి ఎవరికీ విసిరే ఉద్దేశం లేదు. కాసేపు పట్టుకుని, అరిచి, ఇళ్లకు పోదామనుకున్నాం. కిటికీలో ఎవరో కదిలారు. నా ఒక్కదాని చెయ్యే ఖాళీ అయింది. మిగతావాళ్లు పారిపోయారు, నేను అరచెయ్యి చూసుకుంటూ అక్కడే నిలబడ్డాను.

ఆవిడ ఎడమ కనుబొమ్మ మీద మూడు కుట్లు పడ్డాయి. సాయంత్రం తలకు కట్టుతో మా ఇంటికి వచ్చింది. అప్పటికే బాపు నన్ను కొట్టి కొట్టి అలిసిపోయి కూర్చున్నాడు. ఆవిడను చూడగానే సిగ్గుతో మళ్లీ లేచాడు. ఆవిడ మధ్యలోకి వచ్చి నా ముందు గొంతుక్కూర్చుంది. ఎందుకు విసిరావని అడుగుతుందనుకున్నాను, ఎందుకంటే పొద్దున్నుంచీ అందరూ అడిగింది అదే.

"విసరాలని నీకు ఎప్పుడనిపించింది?" అంది.

"ఇసిరినంక తెల్సింది" అన్నాను.

"జూస్తివా అమ్మా, ఎంత పొగరున్నదో దీనికి!" అన్నాడు బాపు.

ఆవిడ నా మొహం వంక చాలాసేపు చూసింది. "పొగరు కాదండీ. ఈ పిల్ల నిజమే చెప్తోంది" అంది. తర్వాత నా చెవి పట్టుకుని, గట్టిగానే మెలిపెట్టి, "ఈసారి రాయి చేతిలో ఉండగానే వచ్చి నాతో చెప్పు" అంది. వెళ్లేటప్పుడు అమ్మ ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చింది. "ఇగ ఇప్పటి సంది ఈమెను పెద్దమ్మ అనాలె నువ్వు" అని నాకు చెప్పింది. "పెద్దమ్మా! నాకేమంత వయసైపోయిందని?" అని ఆవిడ కట్టు సర్దుకుంది. అప్పటికి ఆవిడకు ముప్పై అయిదు కూడా ఉండవు.

నా అల్లరి గురించి మీకు కొంచెం చెప్పాలి. అల్లరి అంటే మీరు ముద్దుగా ఊహించుకుంటారేమో, అదేమీ కాదు. కూర్చున్న చోట కూర్చునేదాన్ని కాదు. ఒకరు మాట మొదలుపెడితే నేను ముగించేదాన్ని. వేడి గిన్నె అని తెలిసీ ముట్టుకునేదాన్ని. వంట అయ్యేదాకా అమ్మ తన పాత చీర కొంగుతో నన్ను మంచం కోడుకు కట్టేసేది. కట్టేసినందుకు నాకు కోపం లేదు, తమ్ముడు ఉయ్యాలలో ఉన్నాడు, పొయ్యి నేలమీద ఉంది, ఆమె మాత్రం ఏం చేస్తుంది? గొడవలు సద్దుమణిగి బడులు తెరిచిన మరుసటి ఏడాది, కుట్టు పని పీరియడులో నా చేతికి కత్తెర ఇచ్చారు. ముందు బెంచీ పిల్ల జడ నా పుస్తకం మీద వాలి ఉంది. కత్తెర మూసుకున్నాక నాకు తెలిసింది. జానెడు జడ, దాని చివర ఎర్ర రిబ్బను, నా పుస్తకం మీద.

పెద్ద టీచరు బాపును పిలిపించింది. పిల్ల తలకాయ బాగానే ఉందని పెద్దాసుపత్రి కాగితం తెస్తే ఉంచుకుంటాను, లేదంటే పేరు కొట్టేస్తానని చెప్పింది. ఇంటికొచ్చి బాపు తీర్మానం చేసేశాడు. "సదువు సాలు. ఇంట్ల కూసుండి అగరబత్తులు జేస్తది." అగరబత్తులు చెయ్యడం కూడా కూర్చుని చేసే పనే కదా అని ఎవరికీ తోచలేదు. అంత చెడ్డదాన్నయినా నాకు బడి ఇష్టం. ఎదురింటికి పరుగెత్తి పెద్దమ్మతో చెప్పాను. ఆవిడ తమ డాక్టరుగారిని అడుగుతానని, గురువారం తీసుకురమ్మని అమ్మతో చెప్పింది. ఒకటే షరతు పెట్టింది: తలకు నూనె పెట్టకూడదు. ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పింది.

గురువారం పొద్దున అమ్మ నా నెత్తిన దోసెడు ఆముదం పోసింది.

ఆమెను తప్పు పట్టలేం. మా ఇళ్లల్లో పిల్ల కుదురుగా లేదంటే తల వేడెక్కిందనే అర్థం, తల వేడెక్కితే ఆముదమే మందు. పైగా పెద్ద పెద్ద డాక్టర్ల ముందుకు ఎండిన జుట్టుతో తీసుకెళితే తల్లి లేని పిల్లనుకోరూ? మాడు మీద చేత్తో కొట్టి కొట్టి ఇంకించి, రెండు జడలు బిగించి, ఆముదం చెంపల మీదికి కారుతుండగా నన్ను బస్సెక్కించింది.

మెట్ల కింది గదిలో పెద్దమ్మ నా తల ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత ఆవిడ అరిచిన అరుపు వరండా చివరిదాకా వినబడి ఉంటుంది. "ఏమమ్మా, నేను చెప్పానా లేదా? తీగలు ఎలా అంటుకుంటాయి దీనికి? ఈ పిల్ల తలమీద ఈగ కూడా నిలబడదు!"

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నూనె వెట్టకుంటే ఎట్లక్కా, బుర్ర మస్తు కాలుతుండె. సల్లగుంటే కుదురుగ కూసుంటదని..."

డాక్టరుగారు ఒంటిగంటకు వెళ్లిపోతారు. అప్పటికి పదకొండు దాటింది. ఆ తర్వాత మళ్లీ మా వంతు నెల రోజులకు గానీ రాదు, నెలదాకా పెద్ద టీచరు ఆగదు. పెద్దమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, నన్ను ఆసుపత్రి వెనక పంపు కిందికి లాక్కెళ్లి, బట్టలసబ్బు పెట్టి నాలుగుసార్లు తల రుద్దింది. కళ్లు మండి నేను కెవ్వుమంటుంటే, "అరువు, అరువు, అరవడానికేం పన్ను కట్టక్కర్లేదు" అంటూ తన తువ్వాలుతో తుడిచింది. ఎండలో నిలబెట్టి విసనకర్రతో విసిరింది. ఆవిడ అన్నం డబ్బా ఆ రోజు మూత తెరవకుండానే ఇంటికి పోయిందని తర్వాత తెలిసింది.

టేపుతో తల కొలిచి, పెన్సిలుతో గుర్తులు పెట్టి, జిగురులాంటి ముద్దతో ఒక్కొక్క తీగా అంటించింది. పక్కన మిషను మీద వరసగా ఎనిమిది కలాలు, వాటి కింద జరిగే కాగితం. పడుకున్న మనిషి కదిలితే కలాలన్నీ పిచ్చిగా ఊగి గీతలు పాడవుతాయి. ఇరవై నిమిషాలు కదలకుండా పడుకోవాలి. నేను పుట్టాక నిద్రలో తప్ప ఇరవై నిమిషాలు కదలకుండా ఉన్నది లేదు. మొదటి రెండు నిమిషాల్లోనే మూడుసార్లు పాడు చేశాను.

పెద్దమ్మ మిషను ఆపింది. కోప్పడుతుందనుకున్నాను. స్టూలు నా మంచం పక్కకు జరుపుకుని, ఎడమ చేతి చూపుడు వేలు నా పిడికిట్లో పెట్టింది. "కదలొద్దని నేను చెప్పను. చెప్పినా నీ వల్ల కాదు. కదలాలనిపించినప్పుడల్లా నా వేలు నొక్కు. అంతే నీ పని. ఎన్నిసార్లయినా సరే నొక్కు" అంది.

మిషను మళ్లీ నడిచింది. కాలు గోక్కోవాలనిపించింది, నొక్కాను. కలాలు ఎలా గీస్తున్నాయో తల తిప్పి చూడాలనిపించింది, నొక్కాను. వరండాలో ఎవరో పళ్లెం కింద పడేశారు, లేచి పరుగెత్తాలనిపించింది. రెండు చేతులా గోడకు వేలాడినట్టు ఆ వేలికి వేలాడాను. ఆవిడ కుడి చేత్తో కాగితం అంచున ఏదో గీస్తూ ఉండడం తెలుస్తూనే ఉంది. అయిపోయిందని చెప్పి తీగలు తీస్తుంటే చూశాను, ఆవిడ వేలి మీద నా గోళ్ల గుర్తులు ఎర్రగా నాలుగు చోట్ల పడి ఉన్నాయి.

డాక్టరుగారు మడతలు మడతలుగా ఉన్న కాగితం తిరగేసి, ఫిట్స్ జబ్బు ఏమీ లేదు, గీతలు మామూలుగానే ఉన్నాయి అని రాసిచ్చారు. కొందరు పిల్లలకు మెదడు ముందుభాగంలో ఆపుకునే పని కాస్త ఆలస్యంగా కుదురుతుందనీ, అది ఈ మిషనుకు దొరకదనీ పెద్దమ్మతో అన్నారట. ఆ మాట కాగితం మీద లేదు. అమ్మ సంతోషంతో ఆ కాగితాన్ని బాపు చేతిలో పెట్టింది. బాపు దాన్ని పక్కింటివాళ్లతో చదివించుకుని నెమ్మదిగా మడిచాడు.

"బీమారి లేదంట. అంటే కావాలనే జేస్తుంది గద?" అన్నాడు.

జబ్బు లేదని తెలియడం ఎంత ప్రమాదమో ఆ సాయంత్రం నాకు తెలిసింది. జబ్బయితే జాలి పడేవాళ్లు. ఇప్పుడు నేను తెలిసి తెలిసి చెడ్డదాన్ని. బెల్టు తీసిన చప్పుడుకు పెద్దమ్మ ఎదురింటి నుంచి వచ్చింది. "రేపు బడికి నేనూ వస్తాను. అప్పటిదాకా దీని మీద చెయ్యి పడటానికి వీల్లేదు" అంది. బాపు ఆవిడ కనుబొమ్మ మీది మచ్చ చూసి తల వంచుకున్నాడు. ఆ మచ్చ చాలాసార్లు నన్ను కాపాడింది.

మర్నాడు సెలవు పెట్టి వచ్చింది. డాక్టరుగారిని అడిగి తెచ్చుకున్న ఆ పొడుగాటి కాగితాన్ని పెద్ద టీచరు బల్ల మీద పరిచింది. మడతలు విప్పుతుంటే బల్ల చాలక కాగితం నేలమీదికి జారింది. నల్లటి గీతల కింద, అంచు పొడుగునా, ఎర్ర పెన్సిలుతో పెట్టిన చిన్న చిన్న నిలువు గీతలున్నాయి.

"నల్లవి మిషను గీసినవండీ. ఎర్రవి నేను పెట్టినవి. లేవాలనిపించినప్పుడు ఈ పిల్ల నా వేలు నొక్కింది, లేవలేదు. ఇరవై నిమిషాల్లో ముప్పై ఆరుసార్లు. మీకూ నాకూ ఇరవై నిమిషాల్లో ఎన్నిసార్లు అనిపిస్తుంది చెప్పండి? ఒకసారో, రెండుసార్లో."

పెద్ద టీచరు కళ్లజోడు పెట్టుకుని ఆ ఎర్ర గీతల మీద వేలు నడిపించింది. "అయితే మరి జడ?" అంది.

"జడ తప్పే. నా కనుబొమ్మ కూడా తప్పే" అంది పెద్దమ్మ. "ఎన్నిసార్లు లేచిందో మీకు కనబడుతుంది. ఎన్నిసార్లు ఆగిందో ఎవరికీ కనబడదు, అందుకని దాన్ని ఎవరూ మెచ్చుకోరు. ముందు బెంచీలో కూర్చోబెట్టండి. చేతికి ఏదో ఒక పని ఇవ్వండి. కత్తెర మాత్రం ఇవ్వకండి."

పెద్ద టీచరు నవ్వాపుకోలేకపోయింది. ఈ ఏడాదికి చూస్తానంది. బాపు కూడా అక్కడే నిలబడి అంతా విన్నాడు. ఆ రోజుతో నన్ను కొట్టడం మానేశాడని రాస్తే అబద్ధమవుతుంది, బాగా తగ్గించాడు. చాలా ఏళ్లకు ఒకసారి, "ముప్పై ఆరుసార్లంటే మాటలా" అని తనలో తాను అనుకోవడం విన్నాను.

తర్వాత పదేళ్లు నా సాయంత్రాలు ఆవిడ గదిలోనే గడిచాయి. పాలు పొంగు అంచుదాకా వచ్చేవరకు మూత ముట్టుకోకూడదు. బియ్యంలో రాళ్లు ఏరుతూ ఆవిడ చెప్పే కథ మధ్యలో అడ్డు రాకూడదు. వస్తే కథ మొదటికి వచ్చేది. ఓపిక ఎక్కువున్న మనిషని అనుకోకండి. కళ్లజోడు కనబడకపోతే ఇల్లు పీకి పందిరి వేసేది. చక్కెర వెయ్యడానికి చెయ్యి రాదు, ఆవిడ టీ తాగితే కషాయం తాగినట్టే. నేను ఏదైనా పాడు చేస్తే మాట్లాడకుండా కనుబొమ్మ మీది మచ్చను వేలితో రెండుసార్లు తట్టుకునేది. దెబ్బ కంటే అదే ఎక్కువ తగిలేది. నేను మాత్రం అన్నీ చెప్పేదాన్ని. "పెద్దమ్మా, రాయి చేతుల ఉన్నది" అని గుమ్మంలోంచే అరిచేదాన్ని. పని ఆపి, చెయ్యి చాపి, "ఇటివ్వు" అనేది. లేని రాయిని ఆవిడ అరచేతిలో పెట్టి, అప్పుడు కూర్చుని సంగతి చెప్పేదాన్ని.

ఒకే ఒక్కసారి తన తమ్ముడి గురించి చెప్పింది. నాలాంటివాడేనట. ఇంట్లో స్తంభానికి కట్టేసేవారట. ఒక రోజు తోటిపిల్లలు దూకుతున్నారని బందరు కాలవలోకి దూకేశాడు. వాడికి ఈత రాదు. "ఆగు, ఆగు అని అందరం అరిచేవాళ్లం. ఎలా ఆగాలో మాలో ఒక్కరికీ తెలియదు, వాడికెలా తెలుస్తుంది?" అంది. అని చేట పట్టుకుని లేచి వెళ్లి, చాలాసేపు రాలేదు.

నాకు ఎక్స్‌ఛేంజీలో ఉద్యోగం వచ్చిందంటే అందరికంటే ఎక్కువ సంతోషించింది ఆవిడే. "దీపం వెలిగాక ముట్టుకోవాలి, వెలగకముందు ముట్టుకోకూడదు. దేవుడు నీకోసమే చేసినట్టుంది ఈ కొలువు" అంది. పెళ్లయి మలక్‌పేటకు మారాను. రిటైరయ్యాక ఆవిడ ఒక్కతే అదే గదిలో ఉండిపోయింది. నెలకు రెండుసార్లు వెళ్లేదాన్ని, తర్వాత ఒకసారి.

ఇప్పుడు రాయబోయేది రాయడానికే ఇదంతా రాశాను. గత నెలలో ఒక ఆదివారం కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళతానని మాటిచ్చాను. మర్చిపోయాను. పని ఉండి కాదు, ఒంట్లో బాగాలేక కాదు. పొద్దున లేచి, ఇంట్లో పాత ట్రంకుపెట్టె సర్దడం మొదలుపెట్టి, అందులో దొరికిన ఒక ఫొటో పట్టుకుని పక్కింటికి వెళ్లి, అక్కణ్నుంచి ఇంకెక్కడికో వెళ్లి, రోజంతా అలాగే గడిపేశాను. ఆవిడ నలగని చీర కట్టుకుని, చెప్పులు గుమ్మంలో పెట్టుకుని నాకోసం కూర్చుంది. అలాగే కుర్చీలోంచి ఒరిగిపోయింది. సాయంత్రం ఇంటావిడ చూసేదాకా ఎవరికీ తెలియదు. కుడి పక్కంతా పడిపోయింది, మాట పోయింది. ముందే చూసి ఉంటే ఏమయ్యేదో డాక్టర్లు చెప్పలేదు. నేనూ అడగలేదు, అడిగే ధైర్యం లేకపోయింది.

ఆ పది రోజులూ డ్యూటీ అయ్యాక రోజూ ఆసుపత్రికి వెళ్లాను. ఇరవై ఏళ్లకు పైగా పిల్లలను కదలకుండా పడుకోబెట్టిన మనిషి కదలకుండా పడుకుని ఉంది. మొన్నటి సాయంత్రం మంచం పక్కకు స్టూలు జరుపుకుని చెప్పేశాను. "పెద్దమ్మా, ఆదివారం నేను మర్చిపోయిన. వేరే పనేం లేకుండె. ఊరికె మర్చిపోయిన."

ఆవిడ నా వంక చూసింది. ఎడమ చెయ్యి దుప్పటి మీద కొంచెం వెతికింది. మచ్చ తట్టుకుంటుందేమోనని భయపడ్డాను. ఆ చెయ్యి మచ్చ దాకా పోలేదు, నా చెయ్యి దగ్గరే ఆగింది. నా చూపుడు వేలు ఆవిడ పిడికిట్లో పెట్టాను. కాసేపటికి నొక్కింది. మళ్లీ నొక్కింది. అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు, కానీ వేలు తియ్యలేదు. బ్యాగులోంచి ట్రంకు కాల్ చీటీ ఒకటి, పెన్సిలు తీసి, నొక్కిన ప్రతిసారీ చీటీ వెనక ఒక గీత పెట్టాను. చూసే వేళ అయిపోయింది, బయటికి పొమ్మని ఆయా వచ్చి చెప్పేదాకా పెట్టాను. మర్నాడు పొద్దున ఆవిడ లేదు.

దహనం అయ్యాక ఇంటికొచ్చి, ఇన్నేళ్లూ నా దగ్గరే దాచుకున్న ఆ పొడుగాటి కాగితాన్ని నేలమీద పరిచి, దాని పక్కన చీటీ పెట్టాను. అక్కడ ముప్పై ఆరు, ఇక్కడ ఇరవై రెండు. ఆవిడ నన్ను క్షమించి నొక్కిందో, లేచి కూర్చోవాలనిపించి నొక్కిందో నాకు తెలియదు. పెన్సిలు పట్టుకుని, ఇరవై మూడో గీత పెట్టాల్సిన ఖాళీని చూస్తూ, చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను. ఒక్కసారి కూడా కదలలేదు.